పుట్టిన దూడ బతకాలి, ఆ తర్వాతే జాతి

తూర్పు ఆఫ్రికా వెళ్లి పాడి ఫారం పెడదామని, మేకలు పెంచుదామని ఆలోచించే మన కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నేను టాంజానియాలో కొన్నేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశానని ఎవరి ద్వారానో తెలుసుకుని ఫోన్ చేస్తుంటారు. దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే. "మేడమ్, ఏ జాతి పెట్టమంటారు? హెచ్ఎఫ్ క్రాసా, జెర్సీయా? ఇక్కడి గిర్ ఆవుల్ని పట్టుకెళ్లొచ్చా?" నేను వాళ్లను తిరిగి అడుగుతాను: మీరు చూసొచ్చిన ఊళ్లో నిరుడు పుట్టిన దూడల్లో ఎన్ని ఇప్పుడు మేత మేస్తున్నాయి? ఆ లెక్క కనుక్కుని వచ్చినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు.

కుర్రాళ్లను తప్పుపట్టడం లేదు. అక్కడి ప్రభుత్వాలు, సాయం చేసే సంస్థలు కూడా ఎక్కువగా జాతి దగ్గరే మొదలుపెడతాయి. చూడి పెయ్యలు పంచే రోజున మంత్రులు వస్తారు, ఫొటోలు తీస్తారు. దూడల చెవుల్లో పిడుదులు ఏరే రోజున ఊరివాళ్లు, ఒక కాంపౌండరు తప్ప ఎవరూ ఉండరు. ఆఫ్రికాలో పశువుల మీద లాభం కళ్లజూడాలంటే ఈ వరస తిరగబడాలి. కొత్త పశువు కొనే ముందు ఉన్న ఆవుకు పుట్టిన దూడ బతకాలి. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆదాయం తెచ్చే పని అదే.

ఒక్క జబ్బు సంగతి చెబితే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ఈస్ట్ కోస్ట్ ఫీవర్. టాంజానియా రైతులు ఎన్‌డిగానా కాలీ అంటారు, అక్కడ పశువుల మందలు కాసుకుని బతికే మాసాయీలు ఓల్టికానా అంటారు. థైలీరియా పార్వా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. గోధుమరంగు పిడుదు దాన్ని ఒక పశువు నుంచి ఇంకోదానికి మోస్తుంది. ఆ పిడుదుకు చెవి అంటే ఇష్టం. దూడ చెవి వెనక్కి మడిచి చూస్తే లోపల గుత్తులుగా పట్టుకుని ఉంటాయి. కొద్ది రోజుల్లో చెవి కింద గడ్డ ఉబ్బుతుంది, ఒళ్లు కాలిపోతుంది, దూడ మేత మానేస్తుంది. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ముక్కుల్లోంచి నురగ వస్తుంది. పిడుదు కుట్టిన మూడు నాలుగు వారాల్లోనే అంతా అయిపోతుంది. బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ ఉంది, జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో చేస్తే పనిచేస్తుంది కూడా. కానీ ఖరీదైన మందు. పైగా దగ్గర్లోని మందుల షాపుకు పోయి వచ్చేసరికి పొద్దు గూకే ఊళ్లలో ఆ మొదటి రోజులు రైతు చేతికి అందవు.

ఈ జబ్బుకు టీకాలేని మాసాయి మందల్లో పుట్టిన దూడల్లో సగం దాకా పోయిన ఏళ్లున్నాయి. దూడ పోతే నష్టం దూడతో ఆగదు. మన నాటు ఆవుల్లాగే అక్కడి జెబు ఆవు కూడా దూడ నోరు పెట్టందే చేపదు. దూడ చచ్చిపోయిందంటే ఆ ఈత పాలు కూడా పోయినట్టే. మాసాయి ఇళ్లలో పాలు పితకడం, పిల్లలకు ఇవ్వడం, మిగిలినవి అమ్ముకోవడం ఆడవాళ్ల పని. దూడ పోయిన రోజు నుంచి పసిపిల్లలకు పాలుండవు, తల్లి చేతిలో చిల్లర ఉండదు.

ఇరవై ఆవులున్న ఇంట్లో ఏడాదికి పది దూడలు పుట్టాయనుకుందాం. నాలుగు పోతే ఆరు మిగులుతాయి. అందులో మూడు పెయ్యలు. ముసలి ఆవుల స్థానంలోకి వాటిని మళ్లించాక అమ్ముకోవడానికి మిగిలేది కోడెలే. అదే పదిలో తొమ్మిది బతికితే మంద నిలబడుతుంది, పెయ్యలు కూడా సంతకు వెళతాయి, తొమ్మిది ఆవుల పాలు ఇంట్లోకి వస్తాయి. ఇందులో ఒక్క ఆవునూ కొత్తగా కొనలేదు, జాతి మార్చలేదు.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1880ల చివర ఎరిత్రియా వైపు నుంచి ఆఫ్రికాలోకి రిండర్‌పెస్ట్ ప్రవేశించింది. మన పెద్దలు ముసర వ్యాధి అన్నది అదే. ఇటలీ సైన్యం కోసం ఓడల్లో తెచ్చిన పశువులతో వచ్చిందని, ఆ పశువులు ఇండియావని చరిత్రకారులు చాలామంది అంటారు. ఇథియోపియాలో పశువులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి ఘోరమైన కరువు వచ్చింది. 1896 నాటికి ఆ వ్యాధి ఖండం దక్షిణ భాగానికి చేరింది. అక్కడి తెల్లదొరలు ఖాళీ అయిన దొడ్లను నింపుకోవడానికి తూర్పు తీరం నుంచి పశువుల్ని ఓడల్లో తెప్పించుకున్నారు. ఆ పశువులతోపాటే ఈస్ట్ కోస్ట్ ఫీవర్ 1901 ప్రాంతంలో రొడీషియాలోకి (ఇప్పటి జింబాబ్వే), అక్కడి నుంచి దక్షిణాఫ్రికాలోకి దిగింది. అంతుపట్టక 1903లో జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ అంతటివాణ్ణి రొడీషియాలోని బులవాయోకి పిలిపించారు. ఆయన చేసిన టీకా ప్రయత్నం ఫలించలేదు. మందు తొట్టెల్లో పశువుల్ని ముంచి, రాకపోకలు కట్టడి చేసి, జబ్బు మందల్ని చంపేసి దక్షిణాఫ్రికా దాన్ని వదిలించుకోవడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. ఆరోగ్యం చూడకుండా పశువుల్ని తరలించినందుకు కట్టిన మూల్యం అది. ఈ కథ అక్కడ పశువులు పంచే ప్రతి అధికారికీ తెలిసి ఉండాలి.

ఈస్ట్ కోస్ట్ ఫీవర్ టీకా కెన్యాలోనే పుట్టింది. నైరోబీ పక్కన ముగుగా అని ఒక ఊరు ఉంది. వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్య శాస్త్రవేత్త రిండర్‌పెస్ట్‌కు కణజాల టీకా తయారుచేసింది అక్కడి ప్రయోగశాలలోనే. మన దేశంలో చివరి దశలో ముసర వ్యాధిని తరిమిన టీకాకు మూలం కూడా అదే. 2011లో ప్రపంచమంతటా రిండర్‌పెస్ట్ అంతమైందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా పోయిన జబ్బు ఇదొక్కటే. అదే ముగుగాలో ఈస్ట్ కోస్ట్ ఫీవర్‌కు కూడా ఒక పద్ధతి కనిపెట్టారు. బతికున్న పరాన్నజీవినే కొలత ప్రకారం దూడకు ఎక్కించి, అదే క్షణంలో ఎక్కువకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ ఇస్తారు. జబ్బు తలెత్తకుండా మందు ఆపుతుంది, ఈలోగా ఒంట్లో రక్షణ తయారవుతుంది. మూడు రకాల పరాన్నజీవుల్ని కలిపి ఇస్తారు గనుక దీనికి ముగుగా కాక్‌టెయిల్ అని పేరు. ఒక్కసారి వేస్తే దాదాపు జీవితాంతం సరిపోతుంది.

టీకా వేసే ఉదయం ఎలా ఉంటుందో చెప్పాలి. ఆరూషాకు అవతల ముళ్లకంపతో కట్టిన బోమాల్లో దూడల్ని రాత్రే ఆపి ఉంచేవాళ్లు. తెల్లవారకముందే మేం ద్రవ నైట్రోజన్ క్యాన్‌తో జీపులో చేరుకోవాలి. సన్నని గొట్టాల్లో గడ్డకట్టిన టీకా ఉంటుంది. ఒక్క గొట్టం కరిగిస్తే 40 దూడలకు వస్తుంది. కరిగించాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలింది పారబోయాలి. టేపుతో ఛాతీ కొలిచి దూడ బరువు లెక్కగట్టి ఆక్సీటెట్రాసైక్లిన్ మోతాదు నిర్ణయిస్తాం. మందు తక్కువైతే టీకాయే జబ్బవుతుంది. చెవి కింద గడ్డ దగ్గర టీకా, తొడకో మెడకో మందు, చెవికి ఒక నంబరు బిళ్ల. కుర్రాళ్లు దూడల్ని పట్టుకుంటారు, పెద్దలు బిళ్లల్ని లెక్కపెడతారు. దూడకు పది డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. వాళ్లకు అది చిన్న మొత్తం కాదు. అయినా 1990ల చివరి నుంచి ఉత్తర టాంజానియా మాసాయీలు సొంత డబ్బు పెట్టి ఈ టీకా వేయించుకుంటున్నారు. ఒక మేకను అమ్మి నాలుగైదు దూడలకు వేయించినవాళ్లను నేను చూశాను.

"మాసాయీలకు పశువుల మీద మమకారమేగాని లాభం లెక్క తెలియదు" అని నగరాల్లో కూర్చుని అనేవాళ్లున్నారు. ఆ మాట నిజం కాదు. చెవికి బిళ్ల ఉన్న పశువు సంతలో బిళ్ల లేనిదానికన్నా ఎక్కువ ధర పలుకుతుంది. కొనేవాడికి అది బతుకుతుందని నమ్మకం. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండా సంతే ఆ ధర కట్టింది. రైతులు ఆరోగ్యానికి ఖర్చుపెట్టరని వాదించేవాళ్లకు ఇంతకన్నా జవాబు అవసరం లేదు.

అయితే ఇక్కడే పెద్ద లోటు ఉంది. మాసాయి పెద్దకు ఒకే చోట 40 దూడలు ఉంటాయి, గొట్టం వృథా కాదు. కిలిమంజారో వాలు మీద అరటితోటలో ఒకే సంకరజాతి ఆవును కట్టేసుకున్న ఇల్లాలికి ఉన్నది ఒక్క దూడ. ఆమె కోసం గొట్టం కరిగించాలంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిగతా దూడలన్నీ ఒకే ఉదయం పోగవ్వాలి. అది జరగదు. జబ్బుకు ఎక్కువగా లొంగేది సంకర పశువే, దాని మీదే అప్పు ఉంది, టీకా అందనిదీ దానికే. సంకర ఆవుల్ని పంచే పథకాలు తలపెట్టేవాళ్లు ఈ చిక్కును ముందు తేల్చుకోవాలి. తయారీ కూడా కష్టమైనదే. పిడుదుల్ని పెంచి, వాటికి జబ్బు ఎక్కించి, నూరి, వాటిలోంచి పరాన్నజీవిని తీయాలి. ఒక విడత సిద్ధం కావడానికి లక్షలాది పిడుదులు, ఏడాదికి పైగా సమయం కావాలి. ఇప్పుడు మలావీ రాజధాని లిలోంగ్వేలోని కేంద్రం ఈ పని చేస్తోంది. అలాంటి కేంద్రం ఒక్కటే ఉండటం నాకు ఎప్పుడూ భయంగానే ఉంటుంది.

కోళ్ల సంగతి దీనికన్నా తేలిక, అందుకే ఇంకా ఎక్కువ బాధ. న్యూకాజిల్ జబ్బు అంటే మనకు కొత్తగా ఉండొచ్చు గానీ కొక్కెర తెగులు అంటే తెలియని తెలుగు పల్లె లేదు. 1927లో మన రాణీఖేత్‌లో గుర్తించారు గనుక ఆ ఊరి పేరు కూడా దానికి ఉండిపోయింది. టాంజానియాలో దాన్ని కిదేరి అంటారు, మ్‌డొండో అంటారు. ఎండాకాలం చివర గాలి మొదలవగానే ఊరికి ఊరే ఖాళీ అవుతుంది. పొద్దున లేచేసరికి పెరట్లో ఒక్క కోడి మిగలదు. డొడోమా, సింగీడా ప్రాంతాల నాటుకోళ్లను పుల్లలతో అల్లిన పెద్ద బుట్టల్లో వేసి దారెస్సలామ్‌కు పంపుతారు. అక్కడ బ్రాయిలర్ కన్నా నాటుకోడికే ధర ఎక్కువ. అంటే బజారు ఉంది, గిరాకీ ఉంది, రోడ్డు ఉంది. కోడి ఒక్కటే ఉండటం లేదు.

దీనికి ఐ-2 అనే టీకా ఉంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం దాన్ని సిద్ధం చేసి, మూల విత్తనాన్ని పేద దేశాల ప్రయోగశాలలకు ఉచితంగా ఇచ్చింది. ఎండకు తొందరగా పాడవదు. ఫ్రిజ్ లేని ఊళ్లో కూడా తడిగుడ్డ చుట్టి బుట్టలో పెట్టుకుని తిరగొచ్చు. కోడి కంట్లో ఒక్క చుక్క. పిల్లకూ పెట్టకూ పుంజుకూ అదే మోతాదు. నాలుగు నెలలకోసారి వేయాలి. ఇంజెక్షన్ లేదు, డాక్టరు అక్కర్లేదు. ఊళ్లో చదువు వచ్చిన ఒక ఆడమనిషికి రెండు మూడు రోజులు నేర్పితే చాలు. మొజాంబిక్‌లో, మలావీలో, టాంజానియాలో ఇలాంటి ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి కోడికి ఇంతని తీసుకుని చుక్కలు వేస్తున్నారు.

ఆ "కోడికి ఇంత" అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఉచితంగా వేయాలని చాలామంది మంచి మనసుతోనే అంటారు. ఉచిత టీకా నిధులున్న ఏడాది వస్తుంది, నిధులు పోయిన ఏడాది రాదు. కిదేరి మాత్రం ఏ ఏడూ రాకుండా ఉండదు. చుక్క వేసే మనిషికి తన కూలి తనకు గిట్టితే ఆమె నాలుగు నెలలకు మళ్లీ వస్తుంది, మార్చి కాకపోతే ఏప్రిల్‌కైనా వస్తుంది. డొడోమా దగ్గర ఒక పల్లెలో ఒకావిడ గోడమీద బొగ్గుతో నెలలు రాసుకుని, ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో గుర్తుపెట్టుకునేది. ఆ ఊళ్లో కోళ్ల డబ్బుతో పిల్లల బడి ఫీజులు కట్టేవాళ్లు. కోడి డబ్బు మీద మగవాడి చెయ్యి తక్కువ పడుతుంది, మన పల్లెల్లోలాగే.

పశువైద్య పట్టాలు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ ఊరి టీకా మనుషులంటే ఇష్టం లేదు. కొన్ని దేశాల్లో చట్టం వాళ్లకు చోటివ్వదు. నేను తిరుపతి కాలేజీలో పట్టా తీసుకున్న డాక్టర్నే, అయినా వాళ్ల పక్షమే. రిండర్‌పెస్ట్ చివరి మూలల్లో ఓడిపోయింది ఎవరి చేతుల్లో? ఇథియోపియా అఫార్ ఎడారిలో, ఉగాండా కరమోజాలో, దక్షిణ సూడాన్ యుద్ధ ప్రాంతాల్లో డాక్టర్లు అడుగుపెట్టలేని చోట, ఎండకు తట్టుకునే టీకా పట్టుకుని తిరిగిన పశువుల కాపరుల చేతుల్లో. వాళ్లకు నేర్పడం, వాళ్లు తప్పు చేయకుండా చూడటం మా డాక్టర్ల పని. వాళ్లను పక్కకు నెడితే ఆ స్థానంలోకి డాక్టరు రాడు, మందుల షాపువాడు వస్తాడు.

ఉగాండాలో జరిగింది అదే. పడమటి జిల్లాల్లో, మ్‌బరారా, కిరుహురా వైపు, పాడి బాగా పెరిగింది. పిడుదుల మందు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చల్లారు. నీళ్లు ఎక్కువ కలిపి ఒకరు, వారానికి రెండుసార్లు ఒకరు, రెండు మందులు కలిపి ఇంకొకరు. చివరికి పిడుదులు ఏ మందుకూ చావని స్థితి వచ్చింది. పంటల పురుగుమందును ఆవుల మీద చల్లినవాళ్లూ ఉన్నారు. కళ్లు పోయిన ఆవులు, చచ్చిన ఆవులు, మందు కలిసిన పాలు. మంచి జాతి ఆవులున్న జిల్లాలే అవి. చెప్పే మనిషి ఊళ్లో లేక ఇంత జరిగింది.

పెద్ద వ్యాపారానికి కూడా ఆరోగ్యమే తాళంచెవి. సోమాలీ కాపరుల గొర్రెలు, మేకలు బెర్బెరా రేవు నుంచి హజ్ వేళ సౌదీకి లక్షల్లో వెళ్తాయి. 2000లో రిఫ్ట్ వ్యాలీ జ్వరం భయంతో సౌదీ దిగుమతి ఆపేసింది. మళ్లీ తెరిచింది 2009లో, రేవు దగ్గర పరీక్షలు చేసి పశువుల్ని ఆపి ఉంచే కేంద్రాలు కట్టాక. తొమ్మిదేళ్లపాటు ఆ కాపరుల ప్రధాన బజారు మూతపడి ఉంది. గొర్రెలు మారలేదు, గడ్డి మారలేదు. ఆరోగ్యంగా ఉన్నాయని నమ్మించే ఏర్పాటే లేకపోయింది.

"మరి కెన్యా కియాంబు రైతులు ఫ్రీజియన్ క్రాసులతోనే కదా బాగుపడ్డారు?" అని అడగొచ్చు. నిజమే. కెన్యా పాలలో ఎక్కువ భాగం అలాంటి చిన్న రైతులవే. కానీ అక్కడి చలిని, కొట్టం కట్టి నేపియర్ గడ్డి కోసివేసే పద్ధతిని చూడండి. ఆవు బయట మేయదు గనుక పిడుదు తక్కువ. పొద్దున్నే పాలు కొనే మనిషి వాకిట్లోకి వస్తాడు, డబ్బు ఎం-పెసాలో ఫోనుకు వస్తుంది, మూడు మైళ్లలో మందుల షాపు ఉంటుంది. ఇవన్నీ ఉన్న చోట సంకర ఆవు పెట్టండి, నేనూ పెట్టమనే అంటాను. లేని చోట అదే ఆవును పెడితే రెండో ఈత చూడదు.

మన దగ్గర ఈ విషయంలో ఇవ్వదగ్గ నేర్పు ఉంది. మన సంకర ఆవుల్ని చంపే థైలీరియా ఈస్ట్ కోస్ట్ ఫీవర్ పరాన్నజీవికి దగ్గరి చుట్టమే. దానికి రక్షావ్యాక్-టి టీకా హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. అదీ ద్రవ నైట్రోజన్‌లో ఉండాల్సిందే. ఆ చలి గొలుసును పల్లె దాకా నడిపించడం మన పశుసంవర్ధక శాఖల వాళ్లకు వీర్యం గొట్టాలు మోసి మోసి అలవాటైన పని. ఆఫ్రికా దేశాలకు ఇండియా ఇచ్చే సాయంలో ట్రాక్టర్లకు అప్పులు ఉంటాయి. వాటి పక్కన ఈ రెండు కూడా చేర్చాలని కేంద్రాన్ని కోరుతున్నాను. ఒకటి, నాలుగైదు దూడలకు సరిపడే చిన్న మోతాదుల్లో ఈస్ట్ కోస్ట్ ఫీవర్ టీకా చేయడానికి లిలోంగ్వే కేంద్రంతో మన హైదరాబాద్ శాస్త్రవేత్తల్ని కలపడం. రెండు, ఊరి టీకా మనుషులకు నేర్పడానికి మన పశువైద్య కళాశాలల నుంచి కొత్త డాక్టర్లను ఒకటి రెండేళ్లకు పంపడం. తిరుపతి నుంచి, గన్నవరం నుంచి, రాజేంద్రనగర్ నుంచి వెళ్లే పిల్లలకు నేను చెప్పగలిగినంత చెబుతాను.

ఇక సొంత డబ్బుతో వెళ్లే కుర్రాళ్లకు: భూమి బేరం ఆడే ముందు ఆ ఊళ్లో ఆడవాళ్లతో కూర్చోండి. దూడలు ఎన్ని పుట్టాయి, ఎన్ని పోయాయి, ఏ నెలలో పోయాయి, కోళ్లు ఎప్పుడు చచ్చిపోతాయి, దగ్గర్లో ద్రవ నైట్రోజన్ దొరుకుతుందా, పిడుదుల మందు ఏది పనిచేయడం మానేసింది, ఇవి అడిగి రాసుకోండి. జవాబులు దొరక్కపోతే ఆ ఏడాది ఆవులు కొనకండి.